ఏడు స్వెట్టర్లు

చెంగ్డు, చైనా
14 ఏప్రిల్ 2024, ఆదివారం

మా ఆడపడుచు వీణకు,

ఈ కాలంలో ఉత్తరమేమిటి వదినా అని నవ్వకు. ఈ దేశంలో మన వాట్సాప్ పనిచేయదు, మెయిల్ తెరుచుకోదు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా, ఊరు తిరిగొచ్చేదాకా ఈ కబుర్లన్నీ దాచుకోవడం నావల్ల కాదు. అందుకని స్టాంపులు కొన్నాను.

మీ అన్నయ్య టూరు వాళ్లతో పాండాలు చూడ్డానికి వెళ్లారు. నేను రెండు రోజులు బస్సు వదిలేసి షూఫెన్‌గారింట్లో దిగాను. ఆవిడ సిడ్నీలో మా పక్కింటి యూలాన్ వాళ్ల అక్క. యూలాన్ నీకు గుర్తుండే ఉంటుంది. కెల్లీవిల్‌లో మీ అన్నయ్య గుండెపోటుతో పడిపోయినప్పుడు, అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఛాతీ మీంచి చేతులు తియ్యని మనిషి. పాపం, ఏడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. చైనా వచ్చే యోగం లేదు. నేను వెళ్తున్నానని తెలిసి, "మా అక్క మనవరాలికి ఇవ్వు" అని తను అల్లిన గులాబీరంగు స్వెట్టరు నా చేతిలో పెట్టింది.

ఇక్కడి మనుషుల్ని ఎంత చూసినా తనివి తీరదు. మండుటెండలో కూడా వేణ్నీళ్లే తాగుతారు. చన్నీళ్లు అడిగితే ఏం రోగమో అన్నట్టు చూస్తారు. గుంటూరుదాన్ని, నాకు కారం ఒక లెక్కా అని వాళ్ల పప్పుచారు లాంటిదేదో గుటుక్కున మింగాను. అది కారం కాదు తల్లీ, నాలుక మొద్దుబారిపోయి అరగంట సేపు మాట రాలేదు. మీ అన్నయ్య ఉంటే ఆ గిన్నెకి దణ్ణం పెట్టేవారు. పార్కులో చెవులు శుభ్రం చేసేవాళ్లు ఇనప పుల్లలు టింగుటింగున మోగిస్తూ తిరుగుతారు. పెద్దమనుషులు టీ తాగుతూ చెవి అప్పగించి కళ్లు మూసుకుంటారు. కొందరు ఆరోగ్యానికని వెనక్కి నడుస్తారు. అదే పార్కులో ఎత్తయిన రాతి స్తంభం ఒకటుంది. నూట పదేళ్ల కిందట తమ రైలుదారి పరాయివాళ్ల పాలు కాకూడదని తిరగబడి చచ్చిపోయినవాళ్ల కోసం కట్టారట.

షూఫెన్‌గారికి డెబ్భై. ఆవిడ తన కొడుకు ఫోనులో చెప్తే అది ఇంగ్లీషులో నాకు చెప్తుంది. ముసలావిడ మాటలకి పదహారేళ్ల పిల్ల గొంతు! పదహారో ఏట ప్రభుత్వం ఆవిణ్ణి పల్లెకి పంపించిందట. పట్నం పిల్లలందరినీ అలాగే పంపారట. ఎనిమిదేళ్లు వరినాట్లు వేసింది. తిరిగొచ్చేసరికి ఏళ్ల తరబడి ఆగిపోయిన కాలేజీ పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి, చెల్లెలు మొదటిసారే నెగ్గింది. "చెల్లెలు చదివింది, నేను నాటాను" అంది, ఏదో బంతిపూల సంగతి చెప్పినట్టు.

ఇక అసలు కథ విను. నేను స్వెట్టరు ఇచ్చి, పాప ఏదండీ అన్నాను. ఆవిడ బీరువా తెరిచింది. లోపల ఆరు స్వెట్టర్లు. అరచేతిలో పట్టేదాని దగ్గర్నుంచి, ఏడాదికొకటి, పెరుగుతున్న సైజుల్లో. ఒక్కదానికీ మడత నలగలేదు. ఏడోది పైన పెట్టింది. పాప లేదు వీణా! కొడుక్కి అసలు పెళ్లే కాలేదు. ముప్పయ్యెనిమిది దాటాయి. చెల్లెలు జాలిపడుతుందని, అబ్బాయికి పెళ్లయింది, పాప పుట్టింది, అమ్మమ్మగారి ఊళ్లో చదువుతోంది అని ఏడేళ్లుగా అల్లుకొస్తోంది. ఎవరో పక్కింటి పిల్ల ఫొటో కూడా పంపిందట! ఈ ముసలమ్మ ముందు మన నాటక సమాజాలన్నీ దిగదుడుపే.

"చెల్లెలికి చెప్పొద్దు" అని ఫోను పిల్ల గొంతుతో అంది. మా అబ్బాయి మురళి మీద ఒట్టు, చెప్పనని చేతిలో చెయ్యేశాను.

ఈరోజు తనతో పాటు పార్కుకి తీసుకెళ్లింది. అక్కడ పెళ్లి సంబంధాల సంత! అమ్మలూ నాన్నలూ పిల్లల వివరాలు కాగితాల మీద రాసి, తాళ్లకి బట్టల క్లిప్పులతో తగిలించి, కింద పీటల మీద కూచుంటారు. ఆవిడ కాగితం నా ఫోనుతో చదివాను. "పురుషుడు, పుట్టినది 1985, సొంత ఇల్లు లేదు, తల్లి వంట బాగా చేస్తుంది." నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఒకావిడ వచ్చి చదివి, సొంత ఇల్లు లేదన్న చోట ఆగి, వెళ్లిపోయింది. మా ముసలమ్మ లేచి కాగితం సరిచేసి మళ్లీ కూచుంది. ఫొటో తీశాను, వచ్చాక చూపిస్తా.

మన మురళీ కోడలూ మెల్‌బోర్న్‌లో కులాసా. మొన్న బయల్దేరే ముందు మాట్లాడాను. ఇద్దరికీ ఊపిరి సలపని పని.

మీ వదిన
శేషుకుమారి


గంగాలిన్, కాన్‌బెరా
9 మే 2024

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం మూడు వారాలకి చేరింది. పొద్దున లైట్ రైల్లో ఆఫీసుకెళ్తూ చదివాను. ఆ పప్పుచారు దగ్గర పైకే నవ్వేస్తే పక్కన కూచున్నాయన సీటు మారిపోయాడు.

వదినా, నువ్వు మా తెలుగు సంఘం పత్రిక 'ముంగిలి'కి ఎన్నాళ్లుగానో ఏమైనా రాస్తానంటున్నావు. నువ్వు రాసేశావు, నీకు తెలీదంతే. ఈ ఉత్తరం దాదాపు ఇలాగే వేస్తాను, ఒప్పుకో. ఈసారి సంపాదకత్వం నాది, అడ్డుచెప్పేవాళ్లు లేరు.

ఒక్కటే సందేహం. స్వెట్టర్ల ముక్కా, పార్కు ముక్కా తీసెయ్యనా? ఒట్టేశావు కదా. చెవులూ వేణ్నీళ్లూ చాలు, అవే బోలెడు బావున్నాయి.

వీణ


కెల్లీవిల్, సిడ్నీ
16 మే 2024

వీణకు,

అచ్చులో నా పేరా! మీ అన్నయ్యకి చెప్తే "ఇంక ఇంట్లో వంట ఉండదన్నమాట" అన్నారు. ముప్పయ్యేళ్లు స్కూల్లో ఎవరి వ్యాసాలో దిద్దాను, నా వ్యాసం ఒక్కటీ ఎక్కడా పడలేదు.

స్వెట్టర్లు తీసేస్తే ఇంకేముంది అందులో? ఉప్పు లేని పప్పు. ఆ ఒట్టు యూలాన్‌కి చెప్పనని, లోకానికి చెప్పనని కాదు. పేరు మార్చెయ్, షూఫెన్ బదులు ఇంకేదైనా పెట్టు. మన పత్రిక చదివేది మన వాళ్లే కదా, చైనావాళ్లకి తెలుగెక్కడ వస్తుంది? ఆవిడ పీట మీద కూచున్న ఫొటో కూడా పంపిస్తున్నాను. వెనకాల కాగితాలన్నీ భలే పడ్డాయి. రంగుల్లో వెయ్యి.

ఇంకో తమాషా. నేను దిగిన రోజే యూలాన్ వచ్చి, "పాప తొడుక్కుందా, చేతులు పొడుగయ్యాయా?" అని అడిగింది. సరిగ్గా సరిపోయాయి అన్నాను. పొంగిపోయి, "వచ్చేసారి నీలం అల్లుతా" అంది. ఆ మొహం చూస్తే కొంచెం కలుక్కుమంది. కానీ ఏం చెయ్యను, ఒట్టు ఒట్టే కదా.

పది కాపీలు పంపు. ఇక్కడ నలుగురికీ పంచాలి.

వదిన


కెల్లీవిల్
21 జూలై 2024

వీణా,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. నేను తియ్యలేదు. గొంతు వినిపించాలంటే సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

పత్రికలొచ్చిన రోజున నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఒక కాపీ పట్టుకుని, డబ్బాలో కజ్జికాయలు పెట్టుకుని, యూలాన్ ఇంటికి వెళ్లడం. నా పేరు చూపించాలని. "నీ భాషా? ఎంత గుండ్రంగా ఉంది!" అని అక్షరాల మీద వేలితో రాసి చూసింది. ఫొటో ఉన్న పేజీ తియ్యకుండా జాగ్రత్తపడ్డాను, నా పేరున్న పేజీ మడతపెట్టి ఇచ్చి వచ్చేశాను. పేజీలు తిప్పుతుందని నాకు తట్టలేదంటే నమ్ముతావా? తట్టింది. చదవలేదు కదా, అక్క ఫొటో చూసినా నాతో పార్కు షికారుకి వచ్చిందనుకుంటుందిలే, ఏదో ఒకటి చెప్పొచ్చులే అనుకున్నాను. పొగడ్త కోసం అంత కక్కుర్తి పడ్డాను.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో నిలబడి ఉంది. డయాలసిస్‌కి వెళ్లాల్సిన రోజు, చేతికి పట్టీ ఉంది. ఇంకో చేతిలో పత్రిక. అక్కడ నాకు వాళ్ల అక్క మాటలు చెప్పిన ఫోను లాంటిదే, తనకి నా తెలుగుని వాళ్ల భాషలో చదివి వినిపించిందట. మొత్తం. కామాలతో సహా.

"సెవెన్?" అంది.

పత్రిక నా ముందుకి చాపింది.

"సెవెన్ ఆర్ దేర్? నో చైల్డ్?"

తలూపాను. అప్పుడు పేజీ తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ఏ వాక్యమో నువ్వే చెప్పగలవు. నాటక సమాజాలు దిగదుడుపు. "హియర్ యూ లాఫ్," అంది. కోపంగా కూడా కాదు. "మై సిస్టర్, ఎయిట్ ఇయర్స్ ఇన్ ద ఫీల్డ్. హియర్ యూ లాఫ్."

పత్రిక మెట్టు మీద పెట్టి, పక్కన కజ్జికాయల డబ్బా పెట్టి వెళ్లిపోయింది. మూత కూడా తియ్యలేదు. మీ అన్నయ్య ఆ డబ్బా చూసి, నా మొహం చూసి, లోపలికెళ్లారు. ఆయన ప్రాణం నిలిపిన చేతులు కదా అవి. తల కొట్టేసినట్టయింది వీణా.

తర్వాత తెలిసింది, యూలాన్ ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసింది. కొడుకు ఎత్తాడు. షూఫెన్‌గారు పక్కనే ఉండి ఫోను అందుకోలేదట. ఆ రోజు నుంచి అందుకోలేదు. అక్కాచెల్లెళ్లు అరవయ్యేళ్లలో మాట్లాడుకోని ఆదివారం లేదు, పల్లెలో ఉన్నప్పుడు తప్ప. నేను రెండు రోజులు వాళ్లింట అన్నం తిని వచ్చి ఈ పని చేశాను.

వచ్చే సంచికలో క్షమాపణ వేస్తావా? పెద్ద అక్షరాల్లో వెయ్యి. ఆవిడ అసలు పేరుతో, ఆవిడెంత గొప్ప మనిషో రాస్తాను. రాసి పెట్టాను కూడా, నాలుగు పేజీలొచ్చింది.

శేషు


గంగాలిన్
30 జూలై 2024

వదినా,

వెయ్యను.

కోప్పడకు, పూర్తిగా చదువు. క్షమాపణ పేరుతో ఆవిణ్ణి ఇంకోసారి నలుగురి ముందు కూచోబెడతావా? ఈసారి అసలు పేరుతో? ఆ నాలుగు పేజీలు చించెయ్. అందులో కూడా నీ పేరే పైన ఉంటుంది.

తప్పు నీ ఒక్కదానిదే అనడం లేదు. అడగడం అడిగాను, నువ్వు తియ్యొద్దన్నావు, అంతే చాలనుకుని వేసేశాను. ఫొటోకి పైన శీర్షిక పెట్టింది నేను. 'పెళ్లిళ్ల సంతలో మా ముసలమ్మ.' ఇప్పుడా మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. మిగిలిన కాపీలు సంఘం గదిలోంచి తెచ్చి మా గరాజులో పెట్టేశాను. పంచినవి ఎలాగూ తేలేను.

ఇంకొక సంగతి ఉంది. రెండేళ్లుగా చెప్పకుండా ఉన్నాను. ఇప్పుడు కూడా చెప్పకూడదేమో, కానీ నువ్వు నా నుంచి కాకుండా ఇంకెక్కడో వినడం కంటే ఇదే నయం.

మురళికి విడాకులైన సంగతి నాకు తెలుసు.

2022 దీపావళికి మా ఇంటికొచ్చాడు. మెల్‌బోర్న్ నుంచి ఎనిమిది గంటలు ఒక్కడే కారు నడుపుకుంటూ. దీపాలు పెడుతుంటే వెనకనుంచి, "అత్తా, నేనూ తనూ విడిపోయాం," అన్నాడు. క్లేటన్‌లో యూనివర్సిటీ పిల్లలతో ఒకే ఇంట్లో, అద్దె గదిలో ఉంటున్నాడు. ముప్పయ్యయిదేళ్లవాణ్ణి ఆ పిల్లలు అంకుల్ అంటారట. వెళ్లేటప్పుడు, "నీకు తెలుసని అమ్మకి తెలియనివ్వకు అత్తా. అమ్మ నలుగురికీ మేం బావున్నామని చెప్పుకుంటోంది, చెప్పుకోనీ," అన్నాడు.

ఆ తర్వాత నువ్వు ప్రతి ఫోన్లో, చివరికి చైనా ఉత్తరంలో కూడా "మురళీ కోడలూ కులాసా" అంటూనే ఉన్నావు. నేను "సంతోషం వదినా" అంటూనే ఉన్నాను. నీ బీరువాలో స్వెట్టర్లు నేను లెక్కపెట్టలేదు. అచ్చూ వెయ్యలేదు.

మురళి మొన్న పత్రిక చదివాడు. నేనే పంపాను, తల్లి రాసిందని సంబరపడతాడనుకుని. ఫోన్ చేసి, "అత్తా, కొడుక్కి పెళ్లయిందని అబద్ధాలాడే తల్లిని చూసి అమ్మ ఇంతగా నవ్వింది, మరి అమ్మ రోజూ నా గురించి చెప్పేదేమిటి?" అన్నాడు. వాడి మీద ఒట్టేసి మరీ తప్పావు వదినా. వాడు అది కూడా చదివాడు.

నీకు చెప్పాల్సిన మాట పత్రికలో లేదు, పక్కింట్లో ఉంది.

వీణ


కెల్లీవిల్
22 సెప్టెంబర్ 2024

వీణా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలేదు. నీకు తెలుసన్న సిగ్గు ఒకటి, తెలిసీ నువ్వు నా మాటకి మాట కలుపుతూ వచ్చావన్న సిగ్గు ఇంకొకటి. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నాకు ఎరుకే. ఎరిగే నవ్వాను. అది ఇంకా అన్యాయం.

నాలుగు పేజీలూ చించేశాను. వట్టి చేతులతో యూలాన్ ఇంటికి వెళ్లాను. కజ్జికాయలూ లేవు, పువ్వులూ లేవు. తలుపు సగం తెరిచింది. అక్కడే నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. మా అబ్బాయికి భార్య లేదు. రెండేళ్లయింది. అందరికీ ఉందని చెప్తున్నాను, నీకు కూడా చెప్పాను. మీ అక్క చేసింది నేనూ చేస్తున్నాను, ఆవిడ చెల్లెలి కోసం చేసింది, నేను నా పరువు కోసం చేస్తున్నాను. నువ్వు నన్ను మళ్లీ ఇంట్లోకి రానివ్వాలని చెప్పడం లేదు, నువ్వు తెలుసుకోవాలని చెప్తున్నాను.

విన్నది. "ఓకే," అంది. తలుపు వేసుకుంది. క్షమించినట్టు ఓకే కాదు, విన్నాను అన్నట్టు ఓకే.

నెల రోజులు అంతే. డయాలసిస్‌కి మీ అన్నయ్య కారులో దింపుతానంటే, టాక్సీ వస్తుందని చెప్పింది. బట్టలు ఆరేస్తూ కంచె మీదుగా కనిపిస్తే తలూపేది, ఎవరికైనా ఊపినట్టు.

మొన్న శనివారం తనే వచ్చి, "కమ్," అంది. వెళ్లాను. హాల్లో బల్ల మీద చెంగ్డు నుంచి వచ్చిన పార్సెలు విప్పి ఉంది. ఏడు స్వెట్టర్లు. నేను మోసుకెళ్లిన గులాబీరంగుది అన్నిటికన్నా పైన. మధ్యలో చిన్న చీటీ, షూఫెన్‌గారి చేతిరాత. ఏముందని అడిగే ధైర్యం నాకు లేదు. యూలాన్ తనే చదివింది. "ఊలు మంచిది. పారెయ్యకు."

అంతే రాసింది. ఏడేళ్ల అబద్ధానికి అక్క చెల్లెలికి చెప్పుకున్న సంజాయిషీ అది. ఆ రాత్రే ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారట. ఏమనుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడగకపోవడం ఇదే మొదటిసారేమో.

తర్వాత కత్తెర తీసి అన్నిటికన్నా చిన్నదాని అంచు కత్తిరించింది. పోగు లాగింది. నా వైపు చూసి "హ్యాండ్స్," అంది. రెండు చేతులూ చాచాను. విప్పిన ఊలు నా చేతులకి చుట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు హాస్టల్లో మేం చుట్టుకునేవాళ్లం, గుర్తొచ్చింది. అరచెయ్యంత చొక్కా, అయిదు నిమిషాల్లో పోగులైపోయింది. పుట్టని పిల్లకి అల్లిన మొదటి చొక్కా. నాకు కళ్లమ్మట నీళ్లు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. "డోంట్ మూవ్," అంది కసురుకుంటూ. కదల్లేదు.

అలా మూడు విప్పాం. నాలుగోది విప్పుతూ, "దిస్ ఫర్ మై సిస్టర్," అంది. వాళ్లక్క తనకోసం ఏనాడూ ఊలు కొనుక్కున్న మనిషి కాదట. పెద్ద స్వెట్టరు అల్లుతుందట. ఏడూ కలిపితే రెండు పెద్దవి అవుతాయి.

రెండోది ఎవరికని అడగలేదు. చేతులు చాచుకుని కూచున్నాను. ఉండ చుట్టడం అయ్యాక, నా మొహం చూడకుండా, "యువర్ సన్. వాట్ సైజ్?" అంది.

వీణా, నాకు తెలీలేదు.

రెండేళ్లుగా వాణ్ణి చూడలేదు. రమ్మంటే కోడలేదని ఎవరైనా అడుగుతారని రమ్మనలేదు. నేను వెళ్తే ఆ గది చూడాల్సొస్తుందని వెళ్లలేదు. ఫోన్లో గొంతు తప్ప వాడు చిక్కాడో, ఒళ్లు చేశాడో నాకు తెలీదు. లేని మనవరాలి సైజు యూలాన్ ఏడేళ్లు ఏటా అంచనా వేసుకుంటూ అల్లింది. ఉన్న కొడుకు కొలత నాకు తెలీదు. "ఐ విల్ ఆస్క్," అన్నాను.

వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తాను, రోజూ చేస్తాను. ఈలోగా నువ్వు చూశావు కదా వాణ్ణి. ఛాతీ ఎంతుంటుందో, చేతులు ఏ మాత్రం పొడుగో, కాస్త రాసి పంపు.

శేషు వదిన